వరద మైదానంలో నేల “నీరు నిలవని గరప” ఎలా అవుతుంది? కాగితం నమ్మాలా, గొయ్యి తవ్వి చూడాలా?

కొత్తసాగు:

అందరికీ నమస్కారం. నది పక్కన రెండెకరాల ముక్క బేరానికి వచ్చింది. అమ్మేవాళ్లు నేల సర్వే కాగితం కూడా చేతిలో పెట్టారు. అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. “గరప నేల, వరద మైదానం, మురుగు వసతి బాగున్నది, ముంపు అప్పుడప్పుడు.” గరప అంటే ఇసుక, ఒండ్రు (ఇసుకకన్నా సన్నగా, బంకమన్నుకన్నా ముతకగా ఉండే మన్ను), బంకమన్ను కలగలిసిన నేల అని తెలుసు. కానీ ఒకే వాక్యంలో ముంపూ ఉంది, మురుగు వసతీ ఉంది. ఇదెలా కుదురుతుంది? వరద వచ్చే చోట నీరు నిలవదని ఎవరైనా ఎలా రాస్తారు?

నాకు పండ్ల చెట్లు పెట్టాలని ఉంది. ఇదివరకు కౌలుకు తీసుకున్న పొలంలో ఇలాగే మాట నమ్మి మొక్కలు పెట్టాను. మూడో ఏట వేళ్లు కుళ్లి సగం తోట పోయింది. అందుకే ఈసారి టెన్షన్. సంతకం పెట్టేలోపు నా కళ్లతో నేను చూసి తేల్చుకునే దారి ఉందా?

నదిగట్టు:

వరద మైదానం అంటేనే బురద అన్నా. వదిలేసి వేరేది చూసుకోండి. అంతగా నచ్చితే నాలుగు లారీల ఇసుక తోలించి కలిపేయండి, నీరు దానంతటదే దిగుతుంది.

గడ్డపార:

నదిగట్టు గారూ, రెండెకరాల్లో పైనుంచి ఒక్క అడుగు లోతు మన్ను తూకం వేస్తేనే మూడు వేల టన్నులు దాటుతుంది. అందులో నాలుగు లారీల ఇసుక ఏ మూలకి? పైగా బంకమన్నులో కొద్దిపాటి ఇసుక కలిపితే గుల్లబారదు, ఎండాక ఇంకా గట్టిపడే ప్రమాదం ఉంది. ఇసుక సంగతి పక్కన పెట్టండి. అసలు ప్రశ్నకి మట్టిపరీక్ష మేడం వస్తే బాగుంటుంది.

మట్టిపరీక్ష:

పిలిచారు కాబట్టి వచ్చాను. సర్వే పనిలో చాలా ఏళ్లు గోతులు తవ్వించిన దాన్ని, కొంచెం పెద్దగానే రాస్తాను.

ముంపు వేరు, మురుగు వేరు. ముంపు అంటే బయటి నీళ్లు నేల మీదికి ఎన్నిసార్లు వస్తాయి, ఎన్నాళ్లు ఉంటాయి అన్నది. మురుగు వసతి అంటే నేల లోపలికి చేరిన నీరు ఎంత త్వరగా కిందికి దిగిపోయి వేళ్లకి మళ్లీ గాలి అందుతుంది అన్నది. జల్లెడని చెరువులో ముంచితే తడుస్తుంది. పైకి తీస్తే అందులో నీళ్లుంటాయా? మీ కాగితం చెబుతున్నది అదే. ముంపు వస్తుంది, పోయాక నేల నీటిని పట్టుకుని కూర్చోదు. వాక్యంలో తప్పేమీ లేదు. అది మీ రెండెకరాలకీ మొత్తంగా వర్తిస్తుందా అన్నదే తేలాలి.

“అప్పుడప్పుడు” అన్న మాటకి కూడా లెక్క ఉంటుంది. అమెరికా నేల సర్వేలో ఆ మాట వాడితే నూరేళ్లలో 5 నుంచి 50 సార్లు ముంపు రావచ్చని అర్థం. ఇరవయ్యేళ్లకోసారి వచ్చేదీ, రెండేళ్లకోసారి వచ్చేదీ ఒకే మాటలో ఇమిడిపోతాయి! కాబట్టి ఆ పదం చూసి ధైర్యపడకండి, భయపడకండి. ముంపు ఎన్ని రోజులు ఉంటుందో పక్క పొలాల వాళ్లని అడగండి. ఒకటి రెండు రోజుల్లో తీసే ముంపుని చాలా చెట్లు తట్టుకుంటాయి. వారాల తరబడి నిలిస్తే ఎంత మంచి గరప అయినా వేళ్లకి ఊపిరి ఆడదు. మట్టి రంధ్రాల్లో నీరు నిండితే అక్కడున్న ప్రాణవాయువుని సూక్ష్మజీవులూ వేళ్లూ కొద్ది రోజుల్లోనే వాడేస్తాయి, వేడి కాలమైతే ఒకట్రెండు రోజులు చాలు. బయటినుంచి గాలి నీటిలో నుంచి దిగడం చాలా నెమ్మది.

ఇక నది పక్కనే మంచి నేల ఎందుకు ఉంటుందో చూడండి. వరద గట్టు దాటగానే నీటి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. బరువైన ఇసుక, ముతక ఒండ్రు అక్కడే దించేస్తుంది. సన్నటి బంకమన్ను మాత్రం నీళ్లలో తేలుతూ దూరం పోయి, నీరు కదలని పల్లంలో దిగుతుంది. ఏళ్ల తరబడి ఇదే జరిగితే నది పక్కన కాస్త మెరకగా, గుల్లగా ఉండే గట్టు తయారవుతుంది. దాని వెనక పల్లంగా, జిగటగా ఉండే నేల. రెంటికీ మధ్య ఎత్తు తేడా చాలా చోట్ల కంటికి ఆనదు, ఒక మీటరు కూడా ఉండకపోవచ్చు. కానీ మొక్కకి అవి రెండు వేరే లోకాలు. విచిత్రమేమిటంటే వరద మైదానంలో నదికి దగ్గరగా ఉన్నదే ఎక్కువసార్లు ఆరిన నేల.

కొత్తసాగు:

మేడం, చాలా సంతోషం. అయితే నా ముక్కలో ఏ భాగం గట్టు, ఏ భాగం పల్లం అన్నది నేను ఎలా పట్టుకోవాలి? చూపుకి అంతా చదునుగానే ఉంది.

మట్టిపరీక్ష:

గొయ్యి తవ్వండి. ఒకటి కాదు, కనీసం రెండు. ఒకటి నదికి దగ్గరగా, ఇంకోటి మీకు అన్నింటికన్నా పల్లం అనిపించిన చోట. మీటరుంపావు లోతు ఉండాలి. అంత లోతు గోతిలోకి ఒంటరిగా దిగకండి, తడి ఇసుక పొర ఉంటే గోడ కూలుతుంది. నేలలోకి తిప్పి దించే బర్మా (ఆగర్) దొరికితే తవ్వే బాధ ఉండదు, పైనుంచే మన్ను తీసి వరసగా గుడ్డ మీద పేర్చుకోవచ్చు.

తవ్వాక ముందు రంగు చూడండి. మట్టిలో ఇనుము ఉంటుంది. గాలి ఆడే చోట అది తుప్పు రంగులో గోధుమ, ఎరుపు, పసుపు ఛాయల్లో ఉంటుంది. నీరు నిలిచి గాలి ఆడకపోతే సూక్ష్మజీవులు ఆ ఇనుముని కరిగే రూపంలోకి మారుస్తాయి. అది నీటితో కొట్టుకుపోయాక మట్టి బూడిద రంగుకి తిరుగుతుంది. నీరు తగ్గి గాలి దూరిన చోట మళ్లీ తుప్పు మచ్చలు పడతాయి. కాబట్టి బూడిద రంగులో తుప్పు మచ్చలు ఎంత లోతు నుంచి మొదలయ్యాయో చూస్తే, ఏటా నీటిమట్టం ఎంత పైకి వచ్చి ఎన్నాళ్లు కూర్చుంటోందో గోడ మీద గీత గీసినట్టు తెలుస్తుంది. మీరు ఎండాకాలంలో వెళ్లినా సరే, ఆ గీత చెరగదు.

ఉజ్జాయింపుగా మేము చూసే లెక్క ఇదీ: మీటరు లోపల ఆ మచ్చలు లేకపోతే మురుగు వసతి బాగున్నట్టు. అర మీటరుకీ మీటరుకీ మధ్య కనిపిస్తే ఫరవాలేదు. పాతిక నుంచి యాభై సెం.మీ. మధ్య మొదలైతే చెట్లకి కష్టం. పాతిక లోపే అయితే చెట్ల ఊసే వద్దు.

గడ్డపార:

రంగుతో పాటు చెయ్యి కూడా వాడండి. గుప్పెడు మన్ను రాళ్లు ఏరేసి తడిపి, మెత్తటి పిండిలా పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రిబ్బన్‌లా నొక్కుతూ పైకి తోయండి. రెండున్నర సెం.మీ. లోపే తెగిపోయి, చేతికి కొంచెం గరుకు, కొంచెం నునుపు రెండూ సమానంగా తగిలితే గరప. ఐదు సెం.మీ. దాటి సాగితే బంకమన్ను. ఉండ కూడా కట్టకపోతే ఇసుక. పిండిలా నున్నగా జారుతూ రిబ్బన్ రాకపోతే ఒండ్రు ఎక్కువ, అది వరద నేలల్లో మామూలే.

సీసా పరీక్ష కూడా చెప్పేస్తాను. మూడో వంతు మన్ను, మిగతా నీళ్లు, ఒక చెంచా బట్టలు ఉతికే పొడి. గట్టిగా కుదిపి నిలపండి. నిమిషంలో దిగింది ఇసుక. రెండు గంటల్లో దాని మీద పేరుకున్నది ఒండ్రు. ఆ పైన మర్నాటికీ ఇంకా దిగుతూ ఉండేది బంకమన్ను. స్కేలు పెట్టి కొలవండి. బంకమన్ను ఉబ్బి కాస్త ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి దశాంశాల దాకా పోకండి.

కొత్తసాగు:

తొమ్మిది రోజులు పట్టింది కానీ తవ్వాను. వివరాలు ఇవీ.

నది వైపు గొయ్యి: పైన 25 సెం.మీ. ముదురు గోధుమ రంగు, పట్టుకుంటే మరమరాల్లా చిన్న చిన్న ముద్దలుగా విడిపోతోంది, వానపాములు ఉన్నాయి. తర్వాత లేత గోధుమ. 60 దగ్గర పది సెం.మీ. మందాన ముతక ఇసుక పొర. దాని కింద మళ్లీ గోధుమ మన్ను. 85 దగ్గర మళ్లీ నల్లటి పట్టీ ఒకటి, నాలుగు వేళ్ల వెడల్పు. 110 దగ్గర అక్కడక్కడా తుప్పు చుక్కలు. సీసాలో మొత్తం 10 సెం.మీ. కి ఇసుక 4, ఒండ్రు 4కి కొంచెం పైన, మిగిలింది బంకమన్ను.

పల్లం గొయ్యి: పైన 30 సెం.మీ. ముదురు రంగు, జిగట. 35 నుంచి బూడిద రంగు, వేళ్లు ఉన్న చోటల్లా చుట్టూ నారింజ రంగు గొట్టంలా ఉంది. మురిగిన గుడ్డు వాసన. రెండు చోట్లా అడుగు లోతు గుంతలో నీళ్లు పోసి ఒకసారి ఇంకనిచ్చి, రెండోసారి పోసి కొలిచాను. నది వైపు గంటకి 4 సెం.మీ. దిగింది. పల్లంలో పోసిన నీళ్లు మర్నాడు పొద్దున కూడా అలాగే ఉన్నాయి.

నాకు మూడు సందేహాలు. ఆ ఇసుక పొర మంచిదా చెడ్డదా? కింద నల్ల పట్టీ ఏమిటి? పల్లంలో బూడిద రంగు పాత కాలపుది కావచ్చా? అక్కడ పక్కనే ఒక కాల్వ తవ్వి చాలా ఏళ్లయిందని చెప్పారు.

మట్టిపరీక్ష:

చక్కగా రాశారు. సర్వేలో కొత్తగా చేరినవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా రాయరు.

నది వైపు కాగితం నిజమే చెప్పింది. ఇసుక 40 పాళ్లు, ఒండ్రు 40కి పైన, బంకమన్ను 20 లోపు అంటే పుస్తకంలో నేల రకాల పటం మీద గరప గళ్లో నడి మధ్యన పడుతుంది. ఆ గడికి బంకమన్ను 7 నుంచి 27 శాతం ఉండాలి, ఇసుక 52 దాటకూడదు. గంటకి రెండున్నర నుంచి ఏడున్నర సెం.మీ. దిగితే చెట్లకి బాగుంటుంది, మీది మధ్యలో ఉంది. తుప్పు మీటరు దాటాకే మొదలైంది. ఇంతకన్నా ఏం కావాలి?

నల్ల పట్టీ చూస్తే నాకు ముచ్చటేసింది. అది ఒకప్పటి నేల ఉపరితలం. గడ్డి మొలిచి, ఆకులు కుళ్లి నల్లబడిన పైమన్ను. ఒక పెద్ద వరద దాని మీద మేట వేసి కప్పేసింది. మామూలు నేలలో కిందికి పోయే కొద్దీ సేంద్రియ కర్బనం వరసగా తగ్గుతూ పోతుంది. వరద నేలలో మాత్రం తగ్గుతూ, మధ్యలో పెరుగుతూ ఎగుడుదిగుడుగా ఉంటుంది. శాస్త్రంలో ఈ నేలల్ని గుర్తుపట్టే లక్షణాల్లో ఇదొకటి. మీ చెట్ల వేళ్లు అక్కడిదాకా పోతే వాటికి విందే.

ఇసుక పొర దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. ఇసుకలో నీరు త్వరగా దిగుతుంది కాబట్టి అది మురుగు కాల్వలా పనిచేస్తుందనుకుంటారు. నిజానికి సన్నటి మన్ను కింద ముతక ఇసుక ఉంటే, పైమన్ను దాదాపు నిండిపోయేదాకా నీరు ఇసుకలోకి దూకదు. సన్న రంధ్రాలు నీటిని గట్టిగా పట్టుకుంటాయి, పెద్ద రంధ్రాలు లాక్కోలేవు. తడి స్పాంజిని గులకరాళ్ల మీద పెట్టి చూడండి, అడుగున నీరు ఊరి అక్కడే వేలాడుతుంది. కాబట్టి ఆ పొరకి పైన నేల కాస్త ఎక్కువసేపు తడిగా ఉంటుంది. 60 సెం.మీ. కింద కాబట్టి మీకు నష్టం లేదు, ఎండల్లో కలిసొస్తుంది కూడా.  అదే కారణంతో మొక్క గుంతలో అడుగున కంకర వేయకండి. అది అందరూ చెప్పే చిట్కా, అందరూ తప్పుగా చెప్పేదీ అదే.

పల్లం సంగతి. కాల్వ తవ్వాక, లేదా నది లోతుకు కోసుకుపోయాక నీటిమట్టం దిగిపోయినా పాత మచ్చలు మిగిలిపోతాయి. మీ అనుమానం సరైనదే. కానీ పాతవైతే అంచులు గీసినట్టు స్పష్టంగా, గట్టి గుళికల్లా ఉంటాయి. బతికున్న వేరు చుట్టూ నారింజ గొట్టం కనిపించిందంటే అది ఇప్పటి పనే. ఆ వేరు తెచ్చిన గాలితో ఇప్పుడు తుప్పు పట్టింది. వాసన కూడా అదే చెబుతోంది. ఆ కాల్వ పనిచేయట్లేదు.

నదిగట్టు:

ఒప్పుకున్నాను, ఇసుక మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మేడం, నీరు దిగే నేల అంటే తొందరగా ఎండిపోదా? నీళ్లు పెట్టి పెట్టి చేతులు పడిపోవా?

గడ్డపార:

అక్కడే గరప గొప్పతనం. ముతక ఇసుకైతే మీటరు లోతులో మొక్క వాడుకోగల నీరు ఐదారు సెం.మీ. మించి ఉండదు. గరపలో 15 నుంచి 20 సెం.మీ. దాకా ఉంటుంది. పెద్ద రంధ్రాల్లో నీరు రెండు మూడు రోజుల్లో దిగిపోయి గాలికి చోటిస్తుంది, సన్న రంధ్రాల్లో నీరు మొక్క కోసం ఆగుతుంది. మన్నులో దాదాపు సగం ఖాళీయే అని చెబితే ఎవరూ నమ్మరు.

అయితే ఆ ఖాళీని మనమే పాడు చేస్తాం. ఒండ్రు ఎక్కువున్న నేల మీద తడిలో ట్రాక్టర్ తిప్పితే నాగలి అడుగున, జానెడు లోతులో, పలక లాంటి గట్టి పొర పడుతుంది. కింద ఎంత మంచి గరప ఉన్నా నీరు ఆ పలక మీదే ఆగుతుంది. గుప్పెడు మన్ను పిసికి ఉండ చేసి వేలితో పొడవండి. పొడిపొడిగా విడితే పదును వచ్చినట్టు, సొట్ట పడితే రెండు రోజులు ఆగండి. ఇంకోటి, నేలని బోసిగా వదలకండి. వాన చినుకులు కొట్టి ఒండ్రు పైన అట్ట కడుతుంది, మొలక పైకి రాలేదు. గడ్డి గానీ ఆకులు గానీ కప్పి ఉంచండి.

కొత్తసాగు:

ఒక్కటి మిగిలింది. కొనేశాక వరద వచ్చి మేట వేస్తే? బలమే కదా అని సంతోషించాలా?

మట్టిపరీక్ష:

మందం, రకం చూసి. ఐదు సెం.మీ. లోపు మేట అయితే మామూలు దున్నకంలో కలిసిపోతుంది. 20 దాకా అయితే లోతు దుక్కి కావాలి. అంతకన్నా మందంగా ఇసుక పడితే పరిచి పలచన చేయాలి, అర మీటరు దాటితే ఎత్తి పోయడం తప్ప దారి లేదు. చెట్ల మొదళ్ల దగ్గర మేటని మాత్రం వెంటనే తీసేయండి, కాండం మీద మన్ను నిలిస్తే బెరడు కుళ్లుతుంది. ముంపు ఎక్కువ రోజులు ఉంటే వేళ్లకి భాస్వరం అందించే శిలీంధ్రాలు కూడా తగ్గిపోతాయి. ఆ ఏడాది మొక్కలు ఊదా రంగుకి తిరిగి గిడసబారితే రోగమనుకుని మందులు కొట్టకండి.

ఇది మాత్రం తప్పక చేయించండి: ఎగువన గనులు గానీ, పాత ఫ్యాక్టరీలు గానీ ఉంటే ఒండ్రుతో పాటు సీసం, కాడ్మియం లాంటివి కూడా వస్తాయి. సన్న మన్నుకి అవి బాగా అంటుకుంటాయి. కొనేముందే పైమన్నుకి లోహాల పరీక్ష చేయించండి. రంగు, వాసన, రిబ్బన్, ఏదీ ఈ విషయం చెప్పదు.

ఆఖరుగా, సంతకానికి తొందర లేకపోతే రెండు చోట్లా ఒక్కో పీవీసీ పైపు పాతండి. రెండంగుళాలది చాలు. కింది సగానికి చిల్లులు పెట్టి, చుట్టూ ఇసుక పోసి, మీటరున్నర లోతు దించి మూత పెట్టండి. వారానికోసారి కర్ర దించి తడి కొలవండి. వరద పైనుంచి రాకపోయినా నది పెరిగితే ఇసుక పొరల గుండా నీరు కిందినుంచి పైకి వస్తుంది. అది గొయ్యిలో చూసిన రోజున కనబడదు.

కొత్తసాగు (ఐదు నెలల తర్వాత):

పైపులు పాతాను, వానాకాలం గడిచింది. నది గట్టు దాటలేదు కానీ అంచు దాకా వచ్చింది. నది వైపు పైపులో నీరు నేలకి 90 సెం.మీ. కింది దాకా లేచి మూడు రోజుల్లో మళ్లీ దిగిపోయింది. పల్లం పైపులో మూడు వారాలు జానెడు లోతులోనే ఉంది. లోహాల పరీక్ష మామూలుగానే వచ్చింది. ఆ రిపోర్టు, నా కొలతల నోటుబుక్కు ముందు పెట్టి మాట్లాడితే పల్లం భాగానికి ధర తగ్గించారు. చెట్లు మెరక మీదే పెడుతున్నాను, పల్లం గడ్డికి వదిలేస్తున్నాను.

మట్టిపరీక్ష:

మంచి పని. పైపులు తీయకండి, ఒక పెద్ద వరద ఏడాది కూడా చూడాలి కదా. ఆ పల్లం పైపు మూత గట్టిగా బిగించారా? కప్పలు దూరితే కొలిచే కర్ర దిగదు.

కొత్తసాగు:

ఇప్పటికే ఒకటి దూరింది మేడం.